జీరో బడ్జెట్‌లో ఆ జీరో ఎవరు? మనమేనా?



పోస్టు పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు కాలనీల నుంచి చదువుకుంటా ఉన్న యానాది పిల్లలం కొందరం కూర్చుని మాట్లాడుకుని రాస్తున్నది ఇది.

ఉగాది దగ్గరికొచ్చేసరికి మనవైపు ప్రకృతి సేద్యం మాటలు ఎక్కువవుతాయి. వరికోతలు అయిపోయి ఉంటాయి. ఇసక నేలల్లో దోస, పుచ్చ, కూరగాయలు వేసుకునే కాలం. గూడూరు, వెంకటగిరి వైపు నిమ్మతోటలు పూతా పిందె మీద ఉంటాయి. పెరట్లో నాలుగు మొక్కలు ఎట్టా కాపాడుకోవాల, మందు కొట్టకుండా పురుగుని ఎట్టా ఆపాల అని ఊళ్లల్లో శిక్షణలు పెడతారు. డ్రమ్ములో జీవామృతం కలిపి చూపిస్తారు. నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, దశపర్ణి కషాయం పేర్లు బోర్డు మీద రాస్తారు.

మంచి పనే. మేము దానికి వ్యతిరేకం కాదు, ఈ మాట ముందే చెప్తున్నాం. ఎందుకంటే పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే దాని అర్థం ఏందో చదవడం రాకుండానే ఆ మందు కొట్టిన చేతులు మన ఇళ్లల్లోనే ఉన్నాయి. మందు కొట్టిన మర్నాడు అదే చేలో కలుపు తీసేదీ మన ఆడోళ్లే. మందు తగ్గితే అందరికంటే ముందు బాగుపడేది మన ఒళ్లే.

మా గొడవంతా ఒక్క మాట దగ్గర. "జీరో బడ్జెట్".

సుభాష్ పాలేకర్ గారు దేశమంతా తిప్పిన మాట అది. మన రాష్ట్రంలో 2016లో ఆ పేరుతోనే కార్యక్రమం మొదలైంది. తర్వాత పేరు మారింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ వాళ్లు ఇచ్చే గుల్బెంకియన్ బహుమతిలో భాగం కూడా వచ్చింది. అయినా ఊళ్లో ఆసాముల నోట్లో ఇప్పటికీ జీరో బడ్జెట్టే. అంటే ఏందని అడిగితే అంగట్లో కొనేది ఏమీ లేదు, ఖర్చు లేదు అంటారు. అంతరపంట రాబడితో అసలు పంట ఖర్చు పూడుతుంది అని లెక్క చెప్తారు.

సరే. మరి మందు మానేసినాక పురుగుని ఆపుతున్నది ఎవరు?

నిమ్మతోటనే తీసుకుందాం. లేత ఆకు మీద సీతాకోకచిలుక గొంగళిపురుగు పడితే ఏం చేయాల? చిన్న మొక్కలైతే చేత్తో ఏరి చంపాలని వ్యవసాయం చదివిన వాళ్లే చెప్తారు. బెరడు తొలిచే పురుగు మానులోకి దూరితే? బొరియ ఎక్కడుందో వెతకాల, ఇనప ఊచ పెట్టి లోపలున్న పురుగుని పొడవాల. గజ్జి తెగులు పట్టిన కొమ్మ కనపడితే కత్తిరించి తోట బయట కాల్చాల. ఎండాకాలం పాదుల్లో ఎండాకు పరచాల. వంకాయకి కాయతొలిచే పురుగు పడితే వాలిపోయిన కొన తుంచి పారేయాల, పుచ్చుకాయలు ఏరాల. ఇదంతా ఎవరు చేస్తారు? డ్రమ్ములో ఉన్న కషాయం చేస్తుందా?

కషాయం సంగతి కూడా చూద్దాం. వేపగింజల కషాయానికి 100 లీటర్ల నీళ్లకి 5 కిలోల గింజ కావాల. దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాల. ఆ గింజలు ఎక్కడినుంచి వస్తాయి? ఎండాకాలం చివర్లో చెట్ల కింద రాలిన వేపపండ్లు ఏరి, తొక్క కడిగి, నీడలో ఆరబెట్టే వాళ్ల దగ్గరినుంచి. మనవైపు ఆ వంగిన నడుములు ఎవరివో మీకు తెలుసు.

మందు అనేది మనిషి చేసే పనికి బదులుగా వచ్చింది. మందు తీసేస్తే ఆ పని మళ్లీ మనిషి మీదికే వస్తుంది. తోటలో రోజూ తిరిగే కళ్లు కావాల, ఏరే చేతులు కావాల. ఈ కళ్లు, ఈ చేతులు చాలా తోటల్లో కావలి ఉన్న యానాది కుటుంబానివి. తోటలోనే గుడిసె. మొగుడికి కావలి జీతం. పెళ్లాం చేసే పనికి, పిల్లలు చేసే పనికి లెక్కే లేదు. "ఉండేదానికి జాగా ఇచ్చినాం కదా" అంటారు. అదీ సంగతి. ఖర్చు జీరో అవడానికి కారణం, అక్కడ ఒక మనిషి పని జీరోగా రాసుకున్నారు. ఆ జీరో పేరు యానాది.

ఇక ఎలకల దగ్గరికి వద్దాం. చాలామంది మన పిల్లలు ఈ మాట రాగానే తల దించుకుంటారు. మేము దించుకోదలచలేదు.

ఈమధ్య ఒక ఊళ్లో జరిగిన శిక్షణకి మాలో కొందరం పోయినాం. పొద్దున్నించీ ఆవు, పేడ, పంచకం, రసాయనం విషం అని చెప్పినారు. చివర్లో ఒక ఆసామి లేచి, "అన్నీ బానే ఉండాయి సార్, ఎలకలకి ఏం చేయాల?" అన్నాడు. చెప్పేటాయన తడుముకోకుండా "మందు పెట్టుకోండి" అన్నాడు. మందు అంటే బ్రోమోడయోలిన్. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు, పొట్లం కట్టి బొక్కలో వేయడం. పొద్దున్నుంచీ విషం వద్దన్న నోరే సాయంత్రానికి విషం పెట్టమంది. ఆ పందిట్లోనే వెనకాల గడ్డపార పక్కన పెట్టుకుని మన పెద్దాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. చుట్టుపక్కల పొలాల్లో చిన్నప్పటినుంచీ ఎలకలు పట్టినోడు. ఆయన్ని ఒక్కరు కూడా అడగలేదు. ఆయన కూర్చున్నది కూడా కుర్చీ మీద కాదు.

ఇప్పుడు విషం సంగతీ, మనోళ్ల పని సంగతీ పక్కపక్కన పెట్టి చూడండి.

జింకు ఫాస్ఫైడు పెడితే తిన్న ఎలక వెంటనే చస్తుంది. కొంచెం తిని బతికిన ఎలక మళ్లీ ఆ ఎర ముట్టదు. బ్రోమోడయోలిన్ తిన్నది వెంటనే చావదు, రక్తం గడ్డకట్టక కొన్ని రోజులకి చస్తుంది. ఆ లోపల అది తూలుకుంటా బయట తిరుగుతుంది. దాన్ని గుడ్లగూబ తింటే విషం గూబ ఒంట్లోకి పోతుంది. ఎలకల్ని ఊరికే తినిపెట్టే గూబని మనమే చంపుకున్నట్టు. ఇది ప్రకృతి సేద్యమా?

మనోళ్లు చేసేది ఏంది? ముందు గెనిమల మీద నడుస్తారు. కొత్త మన్ను ఎక్కడ పడిందో చూస్తారు. సాయంత్రం బొక్కలన్నీ మట్టితో మూసి, తెల్లారి ఏవి తెరుచుకున్నాయో చూస్తే ఎలక ఉన్న బొక్క ఏదో, వట్టి బొక్క ఏదో తేలిపోతుంది. అధికారులు ఇచ్చే కరపత్రాల్లో కూడా ఇదే పద్ధతి ఉంటుంది, కాకపోతే అక్కడ మన పేరుండదు. తర్వాత దాని దొంగదారి ఎక్కడుందో కనిపెడతారు. పైకి కనపడకుండా పల్చటి మన్ను కప్పి పెట్టుకుంటుంది ఎలక, ప్రాణం మీదికి వస్తే అక్కడినుంచి దూకడానికి. దాన్ని మూస్తారు. కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, మూతిని బొక్కకి ఆనించి, కుండ అడుగున ఉన్న చిల్లిలోంచి ఊదుతారు. పొగకి ఎలక బయటికి వస్తుంది, లేదంటే తవ్వుతారు. పెద్దవీ పిల్లలూ అన్నీ దొరుకుతాయి. లోపల దాచుకున్న వరి వెన్నులు దొరుకుతాయి. ఎన్ని పోయినాయో లెక్క కూడా కళ్లముందే ఉంటుంది. విషానికి ఆ లెక్క లేదు.

"తవ్వితే గట్లు పాడవుతాయి" అని ఆసాములు అంటారు. ఇది నిజంగా ఆలోచించాల్సిన మాటే. దానికి మా జవాబు: కాలం చూసుకోండి. ఫాల్గుణం, చైత్రంలో పైరు కోసేసి ఉంటుంది. ఎడగారు వేసే వాళ్లయినా ఎటూ గట్లు చెక్కి మళ్లీ సరిచేసుకోవాల్సిందే. అప్పుడు తవ్విస్తే నష్టం ఏముంది? పైగా చేలో తిండి అయిపోయేసరికి ఎలకలు పక్కనున్న దోసతోటలోకి, కూరగాయల మడుల్లోకి, కొబ్బరి చెట్ల మీదికి ఎక్కేది ఆ నెలల్లోనే. ఎలక కడుపుతో ఉండేది మూడు వారాలు. ఒక్క ఈతకి అరడజను, ఇంకా ఎక్కువే పెడుతుంది. చైత్రంలో పది ఎలకల్ని పట్టించనోడు పైరు పొట్టకి వచ్చేసరికి వందల మీద పడి ఏడుస్తాడు. మళ్లీ ఒక్క ఆసామి పట్టించి పక్క ఆసామి వదిలేస్తే లాభం లేదు. ఆ కంటికి కనపడే పొలాలన్నీ ఒకే వారంలో పట్టించాల. గట్లు సన్నంగా, గడ్డి లేకుండా పెట్టుకోవాల. గట్టు ఎంత లావైతే ఎలక్కి అంత మేడ. జెర్రిపోతు కనపడితే కొట్టకూడదు, అది ఎలకల్ని తినే పాము, విషం లేదు. ఇవన్నీ మనోళ్లకి ఎప్పటినుంచో తెలిసినవే. అడిగితే చెప్తారు. అడగాలి కదా.

మన పక్కనే చూడండి. నేలపట్టులో గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని ఊరోళ్లు ఎందుకు కాపాడుతున్నారు? వాటి రెట్ట పడిన చెరువు నీళ్లు పొలానికి పారితే పైరుకి బలం అని వాళ్లకి తెలుసు. పక్షి చేసే మేలు గుర్తుపట్టినారు, బాగుంది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ చేస్తారు, అదీ బాగుంది. మేము పోతాం, చూస్తాం, సంతోషపడతాం. అదే పొలానికి మేలు చేసే మనిషిని మాత్రం "ఎలకలు తినేటోడు" అని పిలుస్తారు. హాస్టల్లో మనలో ఎంతమంది ఆ మాట పడలేదు? పట్టేవాళ్లు ఉన్నందుకే గింజ ఇంటికి చేరింది. ఆ గింజ తిన్నవాళ్లే మనల్ని ఆ మాట అంటారు.

ఇంకో విచిత్రం. తోటకి కావలి మనమే, దొంగ అన్న పేరూ మనకే. బ్రిటిష్ వాళ్ల కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద మనోళ్లలో కొందరిని కూడా చేర్చినారు. ఆ చట్టం 1952లో పోయింది. నెల్లూరు ప్రాంతంలో మన కోసం తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో మన జాతి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసినారు. దొరికితే చదవండి. చట్టం పోయి 70 ఏళ్లు దాటింది. అయినా తోటలో కాయలు పోతే ముందు వెతికేది కావలోడి గుడిసెనే.

మన పని ధర పలికే పని కాదా? పలుకుతుంది. తమిళనాడులో మన లాంటివాళ్లే ఇరుళర్లు. పాముచర్మం వ్యాపారం చట్టం వచ్చి ఆగిపోతే వాళ్ల బతుకు వీధిన పడింది. 1978లో రోములస్ విటేకర్ అనే ఆయన తోడుగా చెన్నై అవతల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ విషంతోనే పాముకాటుకి మందు తయారవుతుంది. 2023లో వాళ్లలో ఇద్దరికి, వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకి పద్మశ్రీ వచ్చింది. మన తడ దాటితే వచ్చే తిరువళ్లూరు జిల్లాలోనే ఎలకలు పట్టే ఇరుళర్ల కోసం నోటితో ఊదే కుండకి బదులు చేత్తో తిప్పే ఇనప పరికరం తయారుచేసిన ఆలోచనకి 2003లో ప్రపంచ బ్యాంకు పోటీలో బహుమతి వచ్చింది. కుండ ఊది ఊది పొగ మింగిన ఊపిరితిత్తులు, కాలిన మూతులు చూసి చేసిన పని అది. సరిహద్దుకి అవతల జరిగింది ఇవతల ఎందుకు జరగదు?

ఇప్పుడు మనలో మనకి ఉన్న తగువు. మనలో కొందరు "ఎలకల మాట ఎత్తొద్దు, పరువు పోతుంది, మనం డిగ్రీలు చేసి బయటపడాల" అంటారు. ఇంకొందరు "ఇది మన సంస్కృతి, కాపాడుకోవాల" అంటారు. మొదటోళ్లకి మేము చెప్పేది: నాయన చేసిన పనికి సిగ్గుపడితే ఆ పనికి కూలి ఎగ్గొట్టినోడికి మనం సాయం చేసినట్టే. రెండోవాళ్లకి చెప్పేది: పని గొప్పది అనడం వేరు, ఆ పని నువ్వే చేస్తా ఉండు అనడం వేరు. కోతల కాలం వస్తే బడి మానిపించి పిల్లోణ్ణి గెనిమల మీదికి తీసుకపోవడం సంస్కృతి కాదు. ఎలక జ్వరం, పొగ, బొక్కలో చెయ్యి పెడితే పాముకాటు, ఇవన్నీ మోసి చేసే పని ఇది. చేసేవాడు ఇష్టపడి, సరైన కూలి తీసుకుని, చేతికి తొడుగు వేసుకుని చేయాల. చేయనన్నోడిని ఎవరూ ఆ పేరుతో పిలవకూడదు.

చివరిగా అసలు మాట. తోట గురించి ఎంత మాట్లాడినా తోట ఉండాలంటే నేల ఉండాల. శ్రీహరికోట దీవిలో మనోళ్లు తరతరాలుగా బతికినారు, ఆ అడవిలో ప్రతి ఆకు పేరు వాళ్లకి తెలుసు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. మనోళ్ల కుటుంబాలు దీవి దాటి రావాల్సి వచ్చింది. దేశానికి రాకెట్ కావాల, కాదనం. కానీ దీవి దాటి వచ్చిన కుటుంబాలకి పెరడు వేసుకునేంత జాగా ఎంతమందికి ఉందో మీ కాలనీలో మీరే లెక్కేయండి. 2022 ఏప్రిల్‌లో మనం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చినాం. జిల్లా మారింది, ఇంటి చుట్టూ నాలుగు అడుగుల నేల మాత్రం రాలేదు. పెరటి తోట పెంచుకోమని విత్తనాల పొట్లం చేతిలో పెడితే ఎక్కడ చల్లాల? రోడ్డు మీదా?

అందుకని మేము అడుగుతున్నవి ఇవి:

ఒకటి. ప్రకృతి సేద్యం శిక్షణ ఏ ఊళ్లో జరిగినా ఎలకల పాఠం మనోళ్ల చేత చెప్పించాల. వెనకాల నేలమీద కూర్చోబెట్టి కాదు, ముందు నిలబెట్టి. చెప్పినందుకు మిగతా వాళ్లకి ఇచ్చినట్టే డబ్బులు ఇవ్వాల.

రెండు. ఎలకకి ఇంత అని కాకుండా రోజు కూలి కట్టాల. ఎలకకి ఇంత అంటే ఎలకలు బాగా తగ్గించినోడికే కూలి తగ్గిపోతుంది. మంచిగా పని చేసినందుకు శిక్ష వేసినట్టు.

మూడు. చైత్రంలో, దుక్కికి ముందే, ఊరంతా ఒకే వారంలో పట్టించేట్టు రైతు సేవా కేంద్రంలో తేదీ పెట్టాల. పొగ పరికరం, చేతి తొడుగులు, బూట్లు అక్కడినుంచే ఇవ్వాల. జ్వరం వస్తే ఎలక జ్వరం పరీక్ష ముందు చేయాల.

నాలుగు. తోటలో కావలి కుటుంబం ఉంటే భార్య చేసే పనికి వేరేగా కూలి రాయాల. పిల్లలు బడికి పోవాల. వాళ్ల పని లెక్కలో ఉండకూడదు, తోటలోనూ ఉండకూడదు.

ఐదు. ప్రతి యానాది కాలనీలో ఇంటికి పెరటి జాగాతో పట్టా. అది లేకుండా మిగతావి ఎన్ని ఇచ్చినా మనం ఎప్పటికీ వేరేవాళ్ల తోటకి కావలే.

ఇవేవీ దానం కాదు. పంట మిగిలినందుకు రావాల్సిన బాకీ.

మన పిల్లలకి ఒక పని చెప్తున్నాం. ఈ ఉగాదికి ఇంటికి పోయినప్పుడు ఫోన్ పక్కన పెట్టి తాతని, అవ్వని అడగండి. ఏ పురుగుకి ఏ ఆకు వాడతారు, బొక్కలో ఎలక ఉందో లేదో ఎట్టా చెప్తారు, ఏ పాముని వదిలేస్తారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. పైన వాళ్ల పేరు రాయండి. పక్కనే ఆ పనికి ఎవరు ఎంత కూలి ఇచ్చినారో, ఎవరు ఎగ్గొట్టినారో కూడా రాయండి. గ్రామసభ జరిగే రోజు ఆ నోటుబుక్కు పట్టుకుని మీ నాయనతో కలిసి పోండి. ఆయన మాట్లాడడానికి జంకితే మీరు చదవండి. మనకి చదువు వచ్చింది అందుకే కదా.

జై భీమ్. జై ఆదివాసీ.